డబ్బాలో ఇమిడిన గోదావరి

ధవళేశ్వరం గట్టుమీద నిలిచి గోదావరిని చూచేవారికి మొదట తెలిసివచ్చేది ఆ నది వెడల్పు. సర్ ఆర్థర్ కాటన్ 1847లో ప్రారంభించి 1852లో పూర్తిచేసిన ఆనకట్ట ఈ చోటనే వెలసింది. దాని స్థానంలో 1970వ దశకంలో మొదలై 1982 నాటికి పూర్తయిన నేటి బ్యారేజి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా లంకలను దాటుకొంటూ సాగుతుంది. మొత్తం 175 గేట్లు కాగా, వాటిలో 70 ఒక్క ధవళేశ్వరం భాగంలోనే ఉన్నాయి. ఈ కొసనుండి ఆ కొసకు చూపు సారించాలంటే తల తిప్పక తప్పదు. సాధారణమైన కెమెరాతో ఆ దృశ్యాన్ని పట్టబోతే గేట్ల వరుసలో ఒక ముక్క మాత్రమే చిక్కుతుంది.

ఇంతటి విస్తారాన్ని పాలపొడి డబ్బాలో ఇమడ్చవచ్చునంటే వినడానికి వింతగా ఉంటుంది. కాని అది సాధ్యమే. కటకం లేదు, యంత్రం లేదు, విద్యుత్తు అవసరం లేదు. డబ్బా గోడకు సూదితో పొడిచిన ఒక్క బెజ్జం, లోపల గోడకు ఆనించిన ఫొటో కాగితం ఉంటే చాలు. దీనినే స్థూపాకారపు సూదిబెజ్జం కెమెరా అంటారు. దీనిని తయారుచేయబూనిన ప్రతి విద్యార్థికీ మొదట తోచే ప్రశ్న ఒకటున్నది. డబ్బా గుండ్రంగా ఉన్నది కదా, లోపల చుట్టూ కాగితం పరచితే చుట్టూ ఉన్న ప్రపంచమంతా చిత్రంలో పడుతుందా? పడుతుందనే చాలామంది అనుకొంటారు. ఆ ఊహతో కాగితం వృథా చేసుకొన్న తరువాతగాని పొరపాటు తెలిసిరాదు. ఆ పొరపాటు ఎక్కడ ఉన్నదో, ఒక డబ్బా నిజంగా ఎంత దృశ్యాన్ని పట్టగలదో, అందుకు చెల్లించవలసిన మూల్యమేమిటో తెలుసుకోవడమే ఈ పాఠం ఉద్దేశం.

కాంతి రుజుమార్గంలో ప్రయాణిస్తుంది. వెలుగులో ఉన్న వస్తువునుండి బయలుదేరిన కిరణాలు సన్నని బెజ్జంగుండా చీకటి గదిలోకి ప్రవేశించినప్పుడు, పైనుండి వచ్చినవి కిందికి, కిందినుండి వచ్చినవి పైకి, కుడివైపువి ఎడమకు, ఎడమవైపువి కుడికి చేరుకొంటాయి. అందుచేత ఎదుటి గోడమీద ఆ వస్తువు ప్రతిబింబం తలకిందులుగా ఏర్పడుతుంది. చెట్టునీడలో నేలపై కనిపించే గుండ్రని వెలుగుమచ్చలు చాలావరకు ఆకుల సందులు గీసిన సూర్యబింబాలే. సూర్యగ్రహణవేళ అవన్నీ నెలవంకలుగా మారడమే అందుకు నిదర్శనం. హంపీ విరూపాక్షాలయంలో తూర్పు రాజగోపురం ఆలయపు వెనుకభాగంలోని ఒక గది గోడమీద తలకిందులుగా కనిపిస్తుంది. దానిని జనులు గోపురపు నీడ అంటారు. నిజానికి అది నీడ కాదు, చిన్న రంధ్రం కల్పించిన ప్రతిబింబం. పదకొండవ శతాబ్దపు అరబ్బు శాస్త్రవేత్త ఇబ్న్ అల్ హైతమ్ ఈ విషయాన్ని గ్రహణ పరిశీలన ద్వారా వివరించాడు. పందొమ్మిదవ శతాబ్దంలో ఫొటో కాగితం వచ్చిన తరువాత ఆ చంచలమైన ప్రతిబింబాన్ని స్థిరంగా నిలుపుకొనే అవకాశం కలిగింది.

ఒక కెమెరా ఎంత దృశ్యాన్ని పట్టగలదో తెలుసుకోవాలంటే బెజ్జం దగ్గర నిలిచి ఆలోచించాలి. బెజ్జంనుండి కాగితపు కుడి అంచుకు ఒక గీత, ఎడమ అంచుకు మరొక గీత గీసినట్లు భావించండి. ఆ రెండు గీతల మధ్య కోణమెంతో, బయట కెమెరాకు కనిపించే ప్రపంచం కూడా అంత కోణమే. దీనిని దృష్టిక్షేత్రం అందాం. బెజ్జం పెద్దదైనంత మాత్రాన దృష్టిక్షేత్రం పెరగదు. బొమ్మ మసకబారుతుంది, అంతే.

ముందుగా పెట్టెవంటి కెమెరాను తీసుకొందాం. బెజ్జానికి 10 సెంటీమీటర్ల దూరంలో సమతలంగా కాగితం ఉన్నదనుకొందాం. 90 డిగ్రీల దృశ్యం కావాలంటే 20 సెంటీమీటర్ల వెడల్పు కాగితం కావాలి. 120 డిగ్రీలు కావాలంటే సుమారు 35 సెంటీమీటర్లు కావాలి. 180 డిగ్రీలు కావాలంటే ఎంత కాగితమైనా చాలదు. ఎందుకంటే ఆ అంచుల గీతలు కాగితానికి సమాంతరమై దానిని ఎన్నడూ చేరవు.

ఇప్పుడు డబ్బాకు వద్దాం. డబ్బాను పైనుండి చూస్తే అది ఒక వృత్తం. బెజ్జం ఆ వృత్తపు కేంద్రంలో లేదు, పరిధిమీద ఉన్నది. కీలకమంతా ఇక్కడే ఉన్నది. ఉన్నత పాఠశాలలో చదువుకొన్న ఒక సిద్ధాంతాన్ని ఈ సందర్భంలో జ్ఞప్తికి తెచ్చుకోవాలి. ఒక చాపం వృత్తకేంద్రం వద్ద ఏర్పరచే కోణం, అదే చాపం మిగిలిన పరిధిమీది ఏ బిందువు వద్దనైనా ఏర్పరచే కోణానికి రెట్టింపు. కాగితం ఒక చాపం. బెజ్జం పరిధిమీది బిందువు. కాబట్టి కాగితం కేంద్రం చుట్టూ ఎంత కోణం మేర పరచుకొని ఉంటుందో, అందులో సగం మాత్రమే బెజ్జానికి దక్కుతుంది. పరీక్షకోసం కంఠస్థం చేసి మరచిన సిద్ధాంతం పాలపొడి డబ్బాలో ఇలా మనకు ఎదురవుతుంది.

దీనినుండి ఒక సులభసూత్రం లభిస్తుంది. డబ్బా పరిధిలో ఎంత భాగాన్ని కాగితం కప్పుతుందో, 180 డిగ్రీలలో అంత భాగం దృశ్యం చిత్రంలో పడుతుంది. సగం పరిధిని కప్పితే 90 డిగ్రీలు, మూడింట రెండు వంతులు కప్పితే 120 డిగ్రీలు, నాలుగింట మూడు వంతులు కప్పితే 135 డిగ్రీలు. పరిధినంతా కప్పినా 180 డిగ్రీలకు మించదు. అనగా బెజ్జానికి ముందున్న సగం ప్రపంచమే కనిపిస్తుంది, వెనుకనున్న సగం ఎన్నటికీ కనిపించదు. చుట్టూ కాగితం పరచితే చుట్టూ ఉన్నదంతా పడుతుందన్న ఊహలోని దోషం ఇదే. మరొక మాట కూడా గమనింపదగినది. ఈ సూత్రంలో డబ్బా పరిమాణం ప్రసక్తి లేదు. పెద్ద డబ్బా పెద్ద బొమ్మను ఇస్తుందేకాని ఎక్కువ దృశ్యాన్ని ఇవ్వదు.

స్థూపాకారానికి రెండు సహజగుణాలున్నాయి. మొదటిది సమవిభజన. 10 సెంటీమీటర్ల వ్యాసంగల డబ్బాలో దృశ్యంలోని ప్రతి డిగ్రీకి కాగితంమీద సుమారు 1.75 మిల్లీమీటర్ల చోటు దక్కుతుంది. మధ్యలోనూ అంతే, అంచులలోనూ అంతే. పెట్టె కెమెరాలోనైతే మధ్యలో 1.75 మిల్లీమీటర్లు పొందిన డిగ్రీ, 60 డిగ్రీల పక్కకు వెళ్లేసరికి 7 మిల్లీమీటర్లకు సాగిపోతుంది. అందుకే 120 డిగ్రీల దృశ్యానికి పెట్టెలో 35 సెంటీమీటర్ల కాగితం కావలసి ఉండగా డబ్బాలో 21 సెంటీమీటర్లు సరిపోతుంది.

రెండవ గుణం వెలుగుకు సంబంధించినది. 60 డిగ్రీల పక్కనుండి వచ్చే కిరణాన్ని పరిశీలిద్దాం. పక్కనుండి చూచినప్పుడు గుండ్రని బెజ్జం కోలగా సన్నబడి దాని వైశాల్యం సగమే కనిపిస్తుంది. కనుక వెలుగు సగమవుతుంది. ఆ వెలుగు కాగితంమీద ఏటవాలుగా పడడంచేత మరల సగమవుతుంది. ఇంతవరకు పెట్టెకూ డబ్బాకూ తేడా లేదు. అయితే పెట్టెలో ఆ కిరణం నడిచే దూరం రెట్టింపు కావడంవల్ల వెలుగు మరొక నాలుగోవంతుకు తగ్గి, మధ్యభాగంతో పోలిస్తే పదహారో వంతు మాత్రమే మిగులుతుంది. డబ్బాలో ఇందుకు భిన్నంగా దూరం సగానికి తగ్గుతుంది. దూరం సగమైతే వెలుగు నాలుగింతలు పెరుగుతుంది. పోయిన నాలుగోవంతు లెక్క సరిగ్గా పూడిపోతుంది. కనుక గణితం ప్రకారం బెజ్జం ఎత్తున కాగితం ఈ కొసనుండి ఆ కొసవరకు సమానమైన వెలుగును పొందుతుంది.

గణితంలో బెజ్జానికి మందం లేదు, కాని రేకుకు మందం ఉంటుంది. ఇక్కడనే చాలామంది ప్రయత్నాలు దెబ్బతింటాయి. రేకు మందం బెజ్జపు వ్యాసంతో సమానమైతే అది బెజ్జం కాదు, చిన్న గొట్టం. అటువంటి గొట్టంగుండా 45 డిగ్రీలకు మించిన పక్కచూపు సాగదు. అంతకు చాలా ముందునుండే వెలుగు క్షీణిస్తుంది. లోపల ఎంత కాగితం పరచినా అంచులు తెల్లగానే మిగిలిపోతాయి. మందం బెజ్జపు వ్యాసంలో నాలుగోవంతు ఉంటే సుమారు 76 డిగ్రీలవరకు ఎంతో కొంత వెలుగు చేరుతుంది. ఈ కారణంచేత డబ్బా గోడకే బెజ్జం పొడవక, గోడకు పెద్ద కంత చేసి, శీతలపానీయపు డబ్బానుండి కత్తిరించిన పలుచని అల్యూమినియం రేకును దానికి అతికించి, ఆ రేకుకు సన్నని సూదితో బెజ్జం పొడవాలి. పొడిచిన తరువాత వెనుక లేచిన అంచును సన్నని గరుకుకాగితంతో రుద్ది చదునుచేయాలి. 10 సెంటీమీటర్ల డబ్బాకు సుమారు 0.4 మిల్లీమీటర్ల బెజ్జం అనుకూలం. ఇన్ని జాగ్రత్తలు తీసుకొన్నా అంచులు కొంత మసకబారుతాయి. కాబట్టి 180 డిగ్రీలపై ఆశ పెట్టుకోక 120 డిగ్రీలతో తృప్తిపడడం వివేకం.

డబ్బా లోపలిభాగానికి మెరుపులేని నల్లరంగు పూసి, ఎర్రదీపపు గదిలో నలుపు తెలుపు ఫొటో కాగితాన్ని బెజ్జానికి ఎదురుగా అమర్చి, మూత బిగించి, బెజ్జంపై నల్లని అంటుపట్టీ వేయాలి. మంచి ఎండలో పట్టీని సుమారు ఒక నిమిషం తొలగించి మరల మూయాలి. ఎండనుబట్టి, కాగితాన్నిబట్టి ఈ వ్యవధి మారుతుంది. ఆ నిమిషంలో బ్యారేజిమీద పోయే వాహనాలు బొమ్మలో జాడలేకుండా పోతాయి. కదలనిదే నిలుస్తుంది.

ఇక మూల్యం సంగతి. డబ్బాను నిటారుగా ఉంచితే బెజ్జం ఎత్తున ఉన్న దిగంతరేఖ కాగితంమీద తిన్నని గీతగానే పడుతుంది. ముందుకో వెనుకకో వాల్చితే ఆ గీత వంగిపోతుంది. దిగంతానికి పైనా కిందా ఉన్న తిన్నని గీతలు మాత్రం డబ్బాను ఎంత నిటారుగా నిలిపినా వంగక తప్పదు. తిన్నగా సాగే బ్యారేజికి ఎదురుగా డబ్బాను ఉంచామనుకొందాం. 60 డిగ్రీల పక్కనున్న స్తంభం మధ్యస్తంభంకన్నా రెట్టింపు దూరంలో ఉంటుంది. అంతేకాక, ఆ వైపున బెజ్జానికీ కాగితానికీ మధ్య దూరం సగానికి తగ్గుతుంది. ఈ రెండు కారణాలు కలిసి ఆ స్తంభపు బొమ్మ మధ్యస్తంభంలో నాలుగోవంతు ఎత్తుకు కుదించుకుపోతుంది. 45 డిగ్రీల పక్కనున్నది సగం ఎత్తుకు తగ్గుతుంది. అందువల్ల తిన్నని బ్యారేజి మధ్యలో ఉబ్బి రెండు కొసలా సన్నగిల్లిన విల్లువలె కనిపిస్తుంది. పెట్టె కెమెరాలో ఈ వంపు లేదు. కాగితానికి సమాంతరంగా ఉన్న గేట్లన్నీ అందులో సమాన ఎత్తులో పడతాయి. ఎక్కువ చూపు కావాలంటే వంపును అంగీకరించాలి. వంపు వద్దంటే కాగితాన్నీ వెలుగునూ కోల్పోవాలి. రెండింటిలో ఒకదానిని వరించక తప్పదు.

ఈ నిర్ణయం ధవళేశ్వరంలో ఎలా పనిచేస్తుందో చూద్దాం. బ్యారేజిలో ఒక కిలోమీటరు పొడవు ఒకే చిత్రంలో కావాలనుకొందాం. వేసవిలో దిగువన ఇసుకతిన్నెలు బయటపడినప్పుడు, అధికారుల అనుమతితో, పెద్దల తోడుతో మాత్రమే ఇటువంటి ప్రయత్నం చేయాలి. నీరు విడిచే కాలంలో నదిలోకి దిగరాదు. సగం పరిధిమేర కాగితం పరచిన డబ్బా 90 డిగ్రీలు చూస్తుంది కాబట్టి బ్యారేజికి 500 మీటర్ల దూరంలో ఉంచాలి. అప్పుడు 10 మీటర్ల ఎత్తున్న కట్టడం కాగితంమీద మధ్యలో 2 మిల్లీమీటర్లు, అంచులలో ఒక మిల్లీమీటరు ఉంటుంది. మూడింట రెండు వంతుల కాగితంతో 120 డిగ్రీలు చూచే డబ్బాను సుమారు 290 మీటర్ల దగ్గరకు తేవచ్చు. అప్పుడు అదే కట్టడం మధ్యలో సుమారు మూడున్నర మిల్లీమీటర్లు, అంచులలో ఒక మిల్లీమీటరుకు కొద్దిగా తక్కువగా పడుతుంది. బెజ్జమే 0.4 మిల్లీమీటర్లు కనుక అంతకన్నా సూక్ష్మమైన వివరాలు ఎలాగూ నిలువవు. రెండవ పద్ధతిలో అంచులలో కోల్పోయేది స్వల్పం, మధ్యలో పొందేది ఎక్కువ. అయితే రేకు మందంగా ఉంటే ఆ అంచులే చీకటిపాలై కిలోమీటరు కాస్తా కురచబడిపోతుంది. ఒక్క సన్నని రేకుపై బ్యారేజి రెండు కొసలూ ఆధారపడి ఉన్నాయన్నమాట.

మరి చుట్టూ ఉన్నదంతా కావాలంటే ఉపాయమేమి? ఒకే డబ్బాకు చుట్టూ అనేక బెజ్జాలు పెడితే బొమ్మలు ఒకదానిపై మరొకటి పడి కలగాపులగమవుతాయి. అంతకన్నా సరళమైనది, సగం పరిధిమేర కాగితమున్న నాలుగు డబ్బాలను నాలుగు దిక్కులకు అభిముఖంగా అమర్చడం. ఒక్కొక్కటి 90 డిగ్రీలు చూస్తుంది కనుక నాలుగూ కలిసి 360 డిగ్రీలను పూర్తిచేస్తాయి. చిత్రాలను కూర్చి విస్తారాన్ని పట్టే పద్ధతి మనకు కొత్తది కాదు. గోదావరి సీమకూడా మద్రాసు రాజధానిలో భాగమై ఉన్న రోజులలో, మద్రాసు ప్రభుత్వ ఛాయాచిత్రకారుడు లినియస్ ట్రైప్ 1858లో తంజావూరు బృహదీశ్వరాలయపు శాసనాలను వరుసగా చిత్రించి, వాటిని జోడించి దాదాపు 19 అడుగుల పట్టీగా రూపొందించాడు. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట వయస్సు ఆరేండ్లు.

డబ్బా కెమెరాను ఆటవస్తువుగా భావించేవారికి మరొక ఉదాహరణ చాలును. ఇంగ్లాండులోని హెర్ట్‌ఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయంలో చదువుకొంటున్న రెజీనా వాల్కెన్‌బర్గ్ 2012లో ఒక పానీయపు డబ్బాలో ఫొటో కాగితం అమర్చి, బెజ్జం పొడిచి, ఆ విశ్వవిద్యాలయపు పరిశీలనాలయంలోని దూరదర్శినిపై నిలిపింది. తరువాత దాని సంగతి మరుగున పడింది. 2020లో బయటకు తీసి చూస్తే ఎనిమిది సంవత్సరాలపాటు ఆకాశంలో సూర్యుడు నడిచిన దారులు 2,953 వంపుగీతలుగా ఆ కాగితంపై నిలిచి ఉన్నాయి. ఎక్కువ కాలాన్ని పట్టినా, ఎక్కువ చోటును పట్టినా ఆ డబ్బాకు ఆధారం ఒక్క బెజ్జమే.

బ్యారేజిని విల్లువలె చూపిన చిత్రం అబద్ధమా? అన్ని గేట్లనూ సమానంగా చూపిన పెట్టె చిత్రం మాత్రమే నిజమా? గట్టుమీద నిలిచిన మనిషి కన్నుకు దూరపు గేట్లు చిన్నవిగానే కనిపిస్తాయి కదా! విస్తారమైన లోకాన్ని చిన్న కాగితంమీదికి దించే ప్రతి సాధనమూ దేనినో ఒకదానిని వంచుతుంది, లేదా వదలివేస్తుంది. ఆ వంపు ఒక నియమాన్ని అనుసరించి ఏర్పడినదైతే, నియమం తెలిసినవాడు బొమ్మనుండి వాస్తవాన్ని తిరిగి లెక్కించుకోగలడు. నియమం తెలియనివాడు వంపును చూచి బ్యారేజియే వంకర అనుకొంటాడు. డబ్బాలోకి గోదావరిని తేవడానికి సూది చాలు. తెచ్చిన గోదావరిని సరిగా చదువుకోవడానికి మాత్రం ఒక వృత్తమూ ఒక చాపమూ తెలిసి ఉండాలి.

శబ్దార్థాలు

కటకం = కాంతికిరణాలను వంచే గాజుబిళ్ల
రుజుమార్గం = తిన్నని దారి
చంచలం = నిలకడలేనిది
దిగంతం = ఆకాశం నేలను తాకినట్లు కనిపించే అంచు
అభిముఖం = ఎదురుగా ఉన్నది
వరించు = కోరి ఎన్నుకొను

ప్రశ్నలు

1. స్థూపాకారపు కెమెరా 180 డిగ్రీలకు మించి చూడలేకపోవడానికి కారణాన్ని వివరించండి.
2. బెజ్జం పొడిచే రేకు పలుచగా ఉండాలని రచయిత ఎందుకు చెప్పారు?
3. పెట్టె కెమెరాకూ డబ్బా కెమెరాకూ గల తేడాలను కాగితం, వెలుగు, ఆకారం అనే మూడు అంశాల ఆధారంగా రాయండి.
4. “నియమం తెలియనివాడు వంపును చూచి బ్యారేజియే వంకర అనుకొంటాడు” – ఈ వాక్యాన్ని మీ అనుభవంలోని ఒక ఉదాహరణతో సమర్థించండి.